సోమవారం తెరిచిన కొట్టు

పోయినవారం మీరు నన్ను వెనిస్ స్టేషను మెట్ల మీద, పెట్టెల మధ్య, ఎదురుగా కాలువను చూస్తూ ఉండగా వదిలేశారు. నేనింకా అక్కడే ఉన్నాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. నా పేరు నీవెస్. పుట్టింది ఈ ఊళ్ళోనే. నాన్న చనిపోయిన ఏడాదే నా భర్త రుజ్జేరోతో త్రియెస్తే వెళ్ళిపోయాను. మళ్ళీ ఇదే రావడం. రేపు ఇక్కడే మా అమ్మాయి ఒర్సోలా పెళ్ళి. మంగళవారం పెళ్ళేమిటే అని అడిగితే, మంగళవారం ఎవరూ చేసుకోరు కాబట్టే మునిసిపాలిటీ హాలు దొరికిందమ్మా అంది. సరేనన్నాను. బదులుగా ఒక్కటే అడిగాను, ఆ పెళ్ళిలో మీ బాబాయి నా కంటపడకూడదని. ఒర్సోలా ముందు పూల సంగతి మాట్లాడింది. తర్వాత తనూ సరేనంది.

ఆ బాబాయి, అంటే నా మరిది తీతా, సామాన్ల పడవ నడుపుతాడు. నాన్నకి గుండెనొప్పి వచ్చిన రోజు సముద్రం పొంగి ఊరంతా నీళ్ళయింది. అంబులెన్సు పడవ మా వంతెన కింద పట్టక అవతలే ఆగిపోయింది. తీతా దగ్గర చదునుగా ఉండే చిన్న పడవ ఒకటుంది. నీళ్ళు ఎంత పొంగినా అందులో వెల్లకిలా పడుకుని వంతెన కింద నుంచి దూరిపోవచ్చు. రుజ్జేరో మోకాలి బూట్లు తొడుక్కుని తమ్ముణ్ణి పిలుచుకురావడానికి వెళ్ళాడు. ఒంటరిగా తిరిగొచ్చాడు. వంతెన కింద పట్టదు, రానన్నాడు అని చెప్పాడు. చీకటి పడేసరికి నాన్న పోయాడు. పట్టదన్నది అబద్ధమని ఈ ఊళ్ళో పుట్టిన చంటిపిల్లకైనా తెలుసు. ఆ రోజు నుంచి నేను తీతా పేరు ఎత్తలేదు. రుజ్జేరో కూడా అతనితో మాట్లాడనని నా చేతిలో చెయ్యి వేశాడు.

ఇక స్టేషను మెట్లు.

ఊళ్ళో బస్సుల్లా తిరిగే పడవల సమ్మె. జూన్ ఎండ. కాలువలోంచి వేసవి వాసన. సామాను కోసం పడవ మాట్లాడాను, మెట్ల దగ్గరే ఉంటుంది అని ఒర్సోలా రైల్లో ఉండగానే ఫోను చేసింది. చూసొస్తానని రుజ్జేరో రేవులోకి దిగి, గుంపులో మాయమై, కొంతసేపటికి తిరిగొచ్చి ఏ పడవా లేదన్నాడు. పోనీ కూలీని పిలుద్దామన్నాను. ఈ ఊళ్ళో పుట్టి కూలీని పెట్టుకుంటామా అన్నాడు. ఈ ఊళ్ళో పుట్టి హోటల్లో దిగుతున్నాం కదా, దానికి లేని నామోషీ దీనికేమిటి అన్నాను. అతను రెండు పెట్టెలూ రెండు చేతులా ఎత్తుకుని నడవడం మొదలుపెట్టాడు.

నిజంగానే ఎత్తుకున్నాడు. ఆ పెట్టెలకి చక్రాలున్నాయి. కొనేటప్పుడు దుకాణంలో అటూ ఇటూ దొర్లించి, మెత్తగా పోతున్నాయని సంతోషించింది కూడా అతనే.

"దింపి లాగు. చక్రాలున్నాయి కదా."

"ఈ రాళ్ళ మీద ఆ చప్పుడెలా ఉంటుందో తెలుసుగా. టూరిస్టులనుకుంటారు."

"అనుకోనీ. టూరిస్టులకి నడుం పట్టెయ్యదు."

వినలేదు. అరవై దాటిన మనిషి, కడుపులో పుండున్నవాడు, చొక్కా వీపుకి అంటుకుపోయి, మెడనరాలు ఉబ్బి, ఎవరో ఏదో అనుకుంటారని చక్రాలున్న పెట్టెల్ని మోసుకుంటూ వంతెన ఎక్కుతున్నాడు. నా ఒక చేతిలో బట్టల సంచీ, ఇంకో చేతిలో పెళ్ళికని త్రియెస్తే నుంచి తెచ్చిన వాల్‌నట్ రొట్టె డబ్బా. మనుషులు తమ పరువుని ఎక్కడెక్కడ దాచుకుంటారో ఆలోచిస్తూ వెనకాల నడిచాను. కొందరు ఇంటిపేరులో దాచుకుంటారు, కొందరు ఉద్యోగంలో. నా భర్త పెట్టె చక్రాల్లో దాచుకున్నాడు.

మా హోటలు సాంతా మరియా ఫోర్మోజా పేట వైపు ఉంది. గూల్యే వంతెన దాటాక కళ్ళు మూసుకుని తిన్నగా వెడల్పు వీధినే పోతే సగం దూరం గడిచిపోతుంది. రుజ్జేరో వంతెన దిగగానే ఎడమకి తిరిగి సందులోకి దూరాడు. అది ఉత్తరం వైపు పొడుగు కాలువల దారి. అటు వంతెనలు ఎక్కువ, నీడ తక్కువ. ఎటు పోతున్నావని అరవబోయి ఆగాను. నాకర్థమైంది. వెడల్పు వీధి చివర సాంతి అపోస్తొలి గుడి ఉంది. ఆ గుడి వెనక పెరటిలోనే తీతా ఇల్లు.

ఈ ఊళ్ళో కార్లుండవు, అందరం నడిచేవాళ్ళమే, అందుకని ఎవరూ ఎవరినుంచీ తప్పించుకోలేరని బయటివాళ్ళు అనుకుంటారు. సరిగ్గా అందుకే తప్పించుకోవడం ఇక్కడొక విద్య. మా మేనత్త తన తోడికోడలికి ఎదురుపడకుండా, ఒకే పేటలో ఉంటూ, పోయేదాకా బతికింది. ఏ వంతెన ఏ వేళకి ఎవరిదో ఆమెకి తెలుసు. నా కోసం రుజ్జేరో ఆ విద్యే వాడుతున్నాడనుకున్నాను. చిరాకు పడుతున్నా, కృతజ్ఞత కూడా కలిగింది. పెళ్ళయి చాలాకాలమైనవాళ్ళలో ఈ రెండూ ఒకే గదిలో కాపురం ఉంటాయి.

కాకపోతే అతని నడక వింతగా ఉంది. ప్రతి మలుపు దగ్గరా ఆగి ముందు తల పెట్టి చూస్తున్నాడు. ఎదురుగా ఎవరైనా వస్తుంటే పెట్టె దింపి, బెల్టు సరిచేస్తున్నట్టు వంగుతున్నాడు. ఒక ముసలాయన కుక్కతో వస్తుంటే కాలువకేసి తిరిగి, నీళ్ళలో ఏదో పడిపోయినవాడిలా నిలబడ్డాడు. ఆ ముసలాయన వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూశాడు. అది ఎవరో తెలియని మనిషిని చూసే చూపు కాదు. నన్నెందుకు పలకరించలేదు అని నొచ్చుకున్న చూపు. అప్పుడే నాకు తట్టాల్సింది. తట్టలేదు. మనసు తనకి ఇష్టంలేనిది కంటికి కనపడినా గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడి పంపేస్తుంది.

మిజెరికోర్దియా కాలువ గట్టు మీదికొచ్చేసరికి నా చెప్పు కరిచి మడమ మండిపోతోంది. గట్టు పొడుగునా వైను కొట్లే. ఒకదాని ముందు కుర్చీలు వేసి ఉన్నాయి. కూర్చుంటానన్నాను. ఇంకాస్త ముందుకెళ్దామన్నాడు. ఇక్కడే కూర్చుంటానన్నాను. ఈ కొట్టులో బాగుండదన్నాడు. నాకు బాగుండక్కర్లేదు, కుర్చీ ఉంటే చాలన్నాను. అప్పుడతను కొట్టు తలుపుకేసి చూసి, నాతో కాకుండా తనలో తను అన్నట్టు అన్నాడు.

"సోమవారం మూసి ఉండాలే."

ఆ మాట నేను విన్నాను. త్రియెస్తేలో ఉండే మనిషికి మిజెరికోర్దియా గట్టు మీది వైను కొట్టు సెలవు రోజుతో పనేమిటని ఆ క్షణంలో అడగలేదు. ముందు కూర్చున్నాను. చెప్పు విప్పాను.

లోపలినుంచి ఒకావిడ వచ్చింది. నా వయసే ఉంటుంది, మోచేతులదాకా పిండి. సమ్మె కదా, జనం కాళ్ళీడ్చుకుంటూ తిరుగుతున్నారు, వాళ్ళ కోసమని తీశాను అంటూ నాకు ఏం కావాలో అడిగింది. నిమ్మరసం కలిపిన సోడా చెప్పాను. రుజ్జేరోని అడగలేదు. లోపలికెళ్ళి, నా సోడాతోపాటు ఒక పొట్టి గ్లాసు తెచ్చి అతని ముందు పెట్టింది. తెల్ల వైను, సగానికి సగం నీళ్ళు. పక్కన చిన్న పళ్ళెంలో ఎండుచేప ముద్ద రాసిన రొట్టెముక్క.

"మిరియాలు వెయ్యలేదు డాక్టరుగారూ. కడుపులో మంట తగ్గిందా? గురువారం రాకుండా ఇవాళొచ్చారేం?"

రుజ్జేరో మందుల షాపు మనిషి. అలాంటివాళ్ళని ఇక్కడ డాక్టరుగారూ అనే పిలుస్తారు, అందులో వింత లేదు. వింతంతా ఆ గ్లాసులో ఉంది. అతనికి కడుపులో పుండు బయటపడింది ఈమధ్యనే, త్రియెస్తేలో. వైనులో నీళ్ళు కలుపుకోమని చెప్పింది అక్కడి డాక్టరు. ఇంట్లో కలిపేది నేను. సగానికి సగం, సరిగ్గా ఇంతే.

గురువారాలు. నెలకో గురువారం రుజ్జేరోకి పోర్దెనోనే ఊళ్ళో మందుల షాపులవాళ్ళ సంఘం సమావేశం ఉంటుంది. పొద్దున వెళ్ళి రాత్రి వస్తాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, ఏముంది, అవే గొడవలు అంటాడు. సమావేశాల గురించి ఎవరు చెప్పినా అలాగే ఉంటుంది కాబట్టి నేనెప్పుడూ రెండో ప్రశ్న వెయ్యలేదు.

ఆవిడ నన్ను చూసింది, నా పెట్టెలు చూసింది, రుజ్జేరో మొహం చూసింది. ఆడదానికి ఆడదాని మీద కలిగే జాలి చప్పుడు చెయ్యదు. చేతులు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

నాకు మొదట వచ్చింది కోపం కాదు. విసుగు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం. ఇంత ఎండలో, ఇన్ని వంతెనలు, ఈ డబ్బా, ఈ మడమ, ఇదంతా నన్ను తీతా నుంచి కాపాడటానికి కాదు, తనని పలకరించేవాళ్ళ నుంచి తనని కాపాడుకోవడానికి. ఆ కృతజ్ఞత నేను ఎవరికి ఇచ్చానో వాళ్ళ దగ్గరనుంచి తిరిగి లాక్కోవాలనిపించింది.

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాను.

"లేచి నడుద్దాం. దారిలో చెప్తాను."

"ఇదీ దారే."

అతను గ్లాసు ముట్టుకోలేదు. లేచి పెట్టెలు పట్టుకుని గట్టు చివరి వంతెన దాకా నడిచాడు. నేను చెప్పు చేత్తో పట్టుకుని వెనకాల నడిచాను. వంతెన నడిమధ్య పెట్టెలు దింపి, దాటేవాళ్ళకి అడ్డం కాకుండా గోడకి జరిపాడు. ఆ స్థితిలో కూడా అడ్డం కాకుండా జరపడం తోచింది అతనికి. నా విసుగులో అది ఇంకో పుల్ల వేసింది.

చెప్పాడు. ఊరు వదిలిన మూడో ఏడు ఇలా గురువారాలు రావడం మొదలుపెట్టాడట. తీతా పని ముగించుకుని ఆ కొట్టుకే వస్తాడు. ఇద్దరూ ఒక గ్లాసు తాగుతారు. పడవ ఇంజను గురించి, ఊరి గురించి, ఒర్సోలా గురించి మాట్లాడుకుంటారు. ఒర్సోలా ఇక్కడికి చదువుకి వచ్చినప్పుడు ఆమె మంచం, బీరువా తీతాయే తన పడవలో చేరవేశాడు. ఇవాళ స్టేషను దగ్గర పడవ లేదన్నది కూడా అబద్ధమే. పడవ ఉంది. అందులో తీతా ఉన్నాడు. ఒర్సోలాయే పంపింది. వెళ్ళిపొమ్మని రుజ్జేరోయే చెప్పి వచ్చాడు.

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. పోనీ పెట్టెలైనా ఇవ్వు, నేను చేరుస్తాను అన్నాడు."

అన్నదమ్ములన్నాక కలుస్తారు. ఆ మాట నాతో ఎప్పుడైనా అని ఉంటే అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, కొన్నాళ్ళు మాట్లాడేదాన్ని కాదు, ఆ తర్వాత ఎప్పుడో గురువారం పొద్దున అతనికి చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్ని. నన్ను నేను అంతమాత్రం ఎరుగుదును. నా పగకి అంత శక్తి లేదని అతనికీ తెలిసుండాలి. మరి ఎందుకు దాచాడు? దాచిన విషయానికీ దాచడానికి పడ్డ శ్రమకీ పొత్తు కుదరడంలేదు. చిన్న వస్తువుకి ఇంత పెద్ద తాళం ఎవరూ వెయ్యరు.

"సరే. నువ్వు హోటలుకి పో," అన్నాను. "నేను తీతా దగ్గరికి పోతున్నాను. ఆ రోజు ఎందుకు రాలేదో వాడి నోటితో నాకు చెప్పాలి. నీకు చెప్పిన ముక్క నాకూ చెప్పమంటాను. వంతెన కింద పట్టదని నా కళ్ళలోకి చూసి చెప్పమంటాను. చెప్తే, రేపు పెళ్ళికి రానిస్తాను."

కోపంతో అన్నానో, అలసిపోయి అన్నానో తెలియదు. పగని ఇన్నేళ్ళు మోశాక, దింపడానికి ఏదో ఒక మెట్టు దొరికితే చాలనిపించింది. రుజ్జేరో నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కాదు.

"వాణ్ణి అడగకు నీవెస్."

"ఎందుకు?"

"వాడు చెప్పడు. నన్ను చెప్పనియ్యి."

వంతెన కింద నుంచి ఒక చిన్న పడవ పోయింది. ఆ చప్పుడు దూరమయ్యేదాకా అతను ఆగాడు.

"ఆ రోజు నేను తీతా దగ్గరికి వెళ్ళలేదు."

నాకు అర్థం కాలేదు. వెళ్ళి ఎవరూ లేరని తిరిగొచ్చావా అన్నాను. కాదన్నాడు. వెళ్ళనే లేదన్నాడు. దారిలోనే అప్పటి మా మందుల షాపు. తలుపు కింద నుంచి నీళ్ళు లోపలికి పోతున్నాయి. కింది అర మందులు పైకి పెట్టేసి పరిగెత్తుదామనుకున్నాడు. పెట్టాడు. ఈలోగా నీళ్ళు రెండో అరని తాకాయి. అదీ పెట్టాడు. ఆ పక్క బీరువా.

"ఒక్క అరే అనుకున్నాను ప్రతిసారీ," అన్నాడు. "మీ నాన్న సంగతి మర్చిపోలేదు. అదే నన్ను తినేస్తోంది. ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు. చేతులు మాత్రం ఆగలేదు. బయటికొచ్చేసరికి నీళ్ళు తొడలదాకా ఉన్నాయి. ఇంక పొద్దు లేదు. ఇంటికొచ్చాను. నువ్వు గుమ్మంలో నిలబడి తీతా ఏడీ అన్నావు. రానన్నాడు అన్నాను. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలియదు."

"మరి తీతా?"

"మీ నాన్నని శ్మశాన ద్వీపానికి తీసుకెళ్ళేటప్పుడు, రేవులో, నువ్వు వాడి మొహాన ఉమ్మేశావు. అప్పుడు తెలిసింది వాడికి, నీకు నేనేం చెప్పానో. తుడుచుకోలేదు. నాకేసి చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది." రుజ్జేరో పెట్టెని ఇంకాస్త గోడకి జరిపాడు. "వాడు ఆ మాట ఎత్తుతాడేమోనని నెలనెలా వెళ్తాను. ఎత్తడు. ఎత్తలేదు కదా అని మళ్ళీ వెళ్తాను."

నేను అతన్ని అసహ్యించుకోవాలి. దానికి అన్నీ అమరి ఉన్నాయి. కానీ నేనీ ఊరి దాన్ని. సముద్రం పొంగుతోందని సైరను మోగితే ఇక్కడ ఒంట్లో ఏమవుతుందో నాకు తెలుసు. కన్నబిడ్డని పిలవడానికి ముందు చేతులు కింది అరకేసి పోతాయి. మా అమ్మ పురిటినొప్పుల్లో కూడా తివాచీ చుట్టి బల్ల మీద పెట్టిందని నాన్నే నవ్వుతూ చెప్పేవాడు. బయటి ఊరివాడెవడూ ఇలాంటి తప్పు చెయ్యడు, చేసినా వాడి తప్పు నాకింత తేలిగ్గా అర్థం కాదు. అర్థమవడమే భరించలేకపోయాను. తప్పు చేసినవాణ్ణి అర్థం చేసుకునే హక్కు కూడా లేకపోతే బాగుండును అనిపించే సమయాలుంటాయి.

నేను ద్వేషించింది అంతా ఏమైపోతుంది? ఇన్నేళ్ళు నాలో పెరిగి, నా మాట తీరుని, పడుకునే వేళని, ఊరిని సైతం మార్చేసిన ఆ ద్వేషం నిజమైనదే. అది పడ్డ మనిషి మాత్రం వేరు. ఇప్పుడు దాన్నెత్తి ఇతని మీద వెయ్యాలా? అది ఇతనికి సరిపోదు. వేరే ఒంటికి కొలిచి కుట్టినది.

"సామాను చూసుకో," అన్నాను.

"నీవెస్."

"చూసుకో అన్నాను."

బట్టల సంచీ అతని కాళ్ళ దగ్గర పడేసి, చెప్పు తొడుక్కుని, రొట్టె డబ్బాతోనే వంతెన దిగాను. అతను రెండడుగులు వేసి ఆగిపోయినట్టు వినిపించింది. పెట్టెలు వంతెన మీద వదిలి రాలేడు, మోసుకుని నన్ను అందుకోలేడు.

సాంతి అపోస్తొలికి దారి కాళ్ళకే తెలుసు. సందులు దాటి వెడల్పు వీధిలోకి రాగానే సమ్మె వల్ల నడుస్తున్న జనమంతా ఎదురొచ్చారు. వాళ్ళని మోచేతులతో తోసుకుంటూ పోయాను. ఏం చెప్పాలో దారంతా కూర్చుకున్నాను, ఒక్క వాక్యం నిలబడలేదు. క్షమించమంటే ఆ మాట పుట్టించింది నేను కాదు. నా తప్పేం లేదంటే అది అబద్ధం. రుజ్జేరో చెప్పిన మాటని నమ్మడానికి ఆ రోజు నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. తీతా వైపు నుంచి ఏమైనా ఉందేమో అడగాలని తోచలేదు. మోటు మనిషి, పడవ తోసుకునేవాడు, వాడిలాగే చేస్తాడు అనుకున్నాను. ఆ అనుకోవడం మట్టుకు ఎవరూ నా చెవిలో వెయ్యలేదు.

గుడి వెనక సందు ఇరుకైంది. పెరట్లో పాత బావి, తాళ్ళ మీద ఆరేసిన హోటలు దుప్పట్లు. తీతా గుమ్మానికి కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. పెళ్ళికనా? పిలవని పెళ్ళికి ఎవరైనా గుమ్మానికి రంగేస్తారా? తలుపు తట్టాను. లోపల మాటలు ఆగిపోయాయి.

తలుపు తీసింది ఒర్సోలా.

ఉత్తకాళ్ళతో ఉంది, జుట్టంతా పిన్నులు. రేపు పెళ్ళికి ముస్తాబయ్యే పిల్ల తన గదిలో ఉండాలి కదా. నన్ను చూసి బెదరలేదు. నువ్విక్కడెందుకమ్మా అని అడగలేదు. నా వెనక ఖాళీ పెరటికేసి ఒకసారి చూసి, తలుపు పూర్తిగా తెరిచి పక్కకి తప్పుకుంది. నేను తనకి అమ్మనయిన నాటినుంచి ఆ మొహం మీద చూడని నెమ్మది కనిపించింది.

"నాన్న చెప్పేశాడన్నమాట," అంది. "పెళ్ళయ్యేదాకా ఆగుతానని నాకు మాటిచ్చాడు."